ఆపరేషన్ చేయించుకుంటే ఎవరైనా తగ్గుతారట

ఇవాళ వ్రతం భోజనాల దగ్గర వదిన అన్న మాట ఇది. నాతో కాదు, పక్కావిడతో. నాకు వినపడాలనే లెండి. పన్నెండు కావొస్తోంది. ఈయన గురక, నాకు నిద్ర లేదు.

ఆ మాటకు ముందు, వద్దంటున్నా నా విస్తట్లో పులిహోర వేయించింది ఆవిడే. బరువు తగ్గడానికి నేను చేయించుకున్న స్లీవ్ ఆపరేషన్ అంటే పొట్టలో ముప్పాతిక పైనే కోసి తీసేస్తారని, మిగిలింది అరటికాయంత గొట్టమని ఎన్నిసార్లు చెప్పాను! అన్నం నాలుగు ముద్దలు దాటితే ముక్కు కారుతుంది, ఎక్కిళ్ళొస్తాయి. తిన్నాక అరగంట దాకా నీళ్ళు తాగకూడదు. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అన్నా పడాలి. అందుకే పప్పూ పెరుగూ తిని పులిహోర వదిలేశాను. "పారేస్తావా?" అని ఇంకో మాట. జుట్టు దువ్వెన నిండా ఊడుతోందంటే "ముఖంలో కళే పోయింది" అంది. నిరుడు ఆ నోటితోనే "కాస్త నోరు కట్టుకోవచ్చుగా" అంది మరి!

ఓ మాట గట్టిగా అనాల్సిందని ఇంతసేపూ దొర్లాను. ఇప్పుడు టైపు చేస్తుంటే ఆవిడన్నది నిజమే కదా అనిపిస్తోంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ కోసేసిన భాగంలోనేనని డాక్టర్ బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆకలే అంతగా లేనప్పుడు తగ్గడంలో నా గొప్పేముంది? సరే, లేదు. మరి అంత ఆకలి ఉన్న రోజుల్లో తగ్గలేకపోతే అది నా నోటి చాపల్యం ఎలా అయింది?

ఆకలంటే అమ్మమ్మ ఇల్లే. కొత్తావకాయ జాడీలకెత్తాక బేసిన్‌కి అంటుకున్న పిండిలో వేడన్నం పోసి, ఇంకాస్త నూనె వేసి కలిపేది. చుట్టూ చేరి చేతులు చాపేవాళ్ళం. వరస తప్పితే పోట్లాటే. అప్పుడూ ముక్కులు కారేవి, ఆవఘాటుకి. ఎవరాగారు? నా ముద్ద అందరికన్నా పెద్దది, అందుకు మా అన్నయ్య ఇప్పటికీ దెప్పుతాడు. తలుచుకుంటే నోరూరుతోంది. ఆకలి మాత్రం వేయట్లేదు.

పెళ్ళినాటి గాజులు చేతికెక్కాయి, చెప్పడం మర్చిపోయా.

వదినకి గ్రెలిన్ సంగతి చెబుదామా అంటే, "అది తీసేయించుకునేనా ఇంత పొగరు" అంటుంది. ఆవిడ సంగతి మీకు తెలుసుగా. అయ్యో, పెసలు నానబోయలేదు. లేవాలి.