ఎంత తోలినా ఊరు రాని బస్సు

రామోజీ ఫిల్మ్ సిటీ గేటును మా నాన్న ఎన్ని వేల సార్లు చూశాడో లెక్కలేదు. లోపలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఆయన సూర్యాపేట ఆర్టీసీ డిపోలో డ్రైవరు. ఉద్యోగంలో ఎక్కువ భాగం హైదరాబాద్ లైనులోనే గడిచింది. 1996లో ఫిల్మ్ సిటీ మొదలైనప్పటి నుంచి రిటైరయ్యేదాకా, వచ్చేటప్పుడొకసారి పోయేటప్పుడొకసారి ఆ గేటు ముందు నుంచే బండి తోలాడు. లోపల ఏముంటుంది నాన్నా అని చిన్నప్పుడు అడిగితే, "నాకేం తెలుసు బిడ్డా, ఆడ మనకు స్టాపు లేదు" అనేవాడు. ఎక్స్‌ప్రెస్ మరి.

మొన్న మే చివర్లో బంధువుల పెళ్లికని మియాపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. పెళ్లి శనివారంతో అయిపోయింది. ఆదివారానికి నేను ఫిల్మ్ సిటీ టికెట్లు బుక్ చేసేసి, రాత్రి పడుకోబోయే ముందు చెప్పాను. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటారు, ఆ ఎండలో ముసలాయన్ని ఎక్కడికి తిప్పుతావే అని అమ్మ ఫోన్లో గట్టిగానే వేసుకుంది. నాన్న మాత్రం పొద్దున్నే లేచి, తయారై, వంటింట్లోంచి ఒక ఉల్లిగడ్డ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

టికెట్ ధర ఆయనకు చెప్పలేదు. మా ఇద్దరివీ కలిపితే నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చిన నెల జీతం కంటే ఎక్కువ. చెబితే గడప దాటడు. ఎంతయింది ఎంతయింది అని ఆయన దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు, ఆఫర్లో వచ్చాయి నాన్నా అని నేనూ అంటూనే ఉన్నాను. ఆటో దగ్గరే మొదటి పేచీ. మెట్రో స్టేషన్ కిలోమీటరున్నర కూడా ఉండదు, వంద అన్నాడు. "మీటరు లేదా తమ్మీ?" అని నాన్న అడిగితే ఆటో అతను నవ్వి ముందుకు పోయాడు. నడిచాం.

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో చల్లగా కూర్చున్నాం, రాయడానికేమీ లేదు. డ్రైవరు కనబడని బండి ఎక్కడం మాత్రం తనకు నచ్చలేదన్నాడు. ఎల్బీ నగర్‌లో మెట్లు దిగేసరికి వడగాలి మొహానికి కొట్టింది. ఇంకా తొమ్మిది కాలేదు. రోడ్డు పక్కన రెండొందలు చెప్పిన టోపీని నాన్న ఎనభైకి బేరం చేసి నా నెత్తిన పెట్టాడు. ఆయనకు తువ్వాల ఉంది.

బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఇది నాకు అలవాటే. నాన్న సంగతి ఆయనే కండక్టరమ్మతో మాట్లాడుకున్నాడు. ఏ డిపో, ఎప్పుడు రిటైరు, ఫలానా ఆయన ఉన్నాడా పోయాడా అంటూ పనామా గోడౌన్ల దగ్గర మొదలైన మాటలు హయత్‌నగర్ దాటినా తెగలేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కిటికీలోంచి చూస్తూ, ఇక్కడ నుంచి రోడ్డంతా తనకు కళ్లు మూసుకున్నా తెలుసన్నాడు. ఆ రోడ్డు నంబరు 65గా మారి చాలా ఏళ్లయింది. నాన్న నోట ఇప్పటికీ నైన్త్ హైవేనే.

లోపలికి పోయేచోట సెక్యూరిటీ అతను నాన్న జేబు తడిమి ఆగిపోయాడు. ఉల్లిగడ్డ బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెందుకు పెద్దాయనా?"

"వడదెబ్బ తగలకుండ."

"పని చేస్తదా?"

"చెయ్యకపోతే నీ ముందు నిలబడేటోణ్ణా?"

అతను దాన్ని మళ్లీ జేబులోనే పెట్టి పైన తట్టాడు. మా వెనకాల లైన్లో నాగ్‌పూర్ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. అందులో పెద్దావిడ హిందీలో, మా దగ్గరా అంతే, ఎండాకాలం ఉల్లిపాయ లేకుండా మగవాళ్లని గడప దాటనివ్వం అంది. నాన్న నావైపు చూసిన చూపుంది చూడండి, ఇంట్లో నేను ఆ ఉల్లిగడ్డను చూసి నవ్విన నవ్వుకి అక్కడికక్కడే లెక్క తీరిపోయింది.

గేటు నుంచి లోపలికి చాలా దూరం, బస్సులోనే తీసుకుపోతారు. యురేకా అనే ప్రాంగణం దగ్గర దింపారు. డాన్సులు, డప్పులు, ఫౌంటెన్ల ముందు ఫోటోలు. నేను మాత్రం నీడ ఎక్కడుందో వెతుక్కుంటూ తిరిగాను. బండల నేల మీంచి వేడి చెప్పుల్లోకి వస్తోంది. అసలు సంగతంతా ఆ తర్వాత సెట్లు చూపించడానికి ఎక్కించిన ఎర్ర బస్సులో జరిగింది. పైన కప్పుంది, పక్కన అద్దాల్లేవు. ఎర్రబస్సెక్కి వచ్చావా అని ఎగతాళి చేసే ఊళ్లో, ఎర్రబస్సు కోసం ఇంతమంది ఎండలో క్యూ కట్టడం చూస్తే నాకు లోపల్లోపల నవ్వొచ్చింది.

నాన్న డ్రైవరు వెనక సీటు పట్టాడు. గైడ్ కుర్రాడు మైకు తీసుకుని హిందీలో మొదలుపెట్టి, మాలాంటి నలుగురి కోసం మధ్యమధ్య తెలుగులో చెబుతున్నాడు. ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ రికార్డు, 1666 ఎకరాలు అన్నాడు. అందరూ ఓ అన్నారు. నాన్న నా చెవి దగ్గరికి వంగి, "అప్పట్ల ఈడ ఎకరం ఎంతుండెనో!" అన్నాడు. మా వైపు రిటైరైన వాళ్లకు గిన్నిస్ బుక్ చూపించినా అందులో భూమి రేటే వెతుకుతారు.

బస్సు గుట్ట ఎక్కుతోంది. డ్రైవరు అద్దంలోంచి రెండు మూడు సార్లు నాన్న వైపు చూసి, ఉన్నట్టుండి "ఏ డిపో అన్నా?" అన్నాడు. నాన్న అప్పటికి ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఎట్లా తెలిసిందని నేనే అడిగాను. "నేను బ్రేకేస్తే ఆయన కాలు కదులుతుంది మేడం" అన్నాడు.

కిందికి చూశాను. నిజమే. మలుపు రాగానే నాన్న కుడికాలు బస్సు నేలను తొక్కుతోంది. ఎడమకాలు క్లచ్చు కోసం కొంచెం ముందుకు జరిగి ఉంది. తనకు తెలియకుండానే మేం వెళ్లే బస్సును ఆయన కూడా తోలుతున్నాడు.

ఇక ఆపేవాళ్లెవరు! సెకండ్ గేర్‌లోనే ఎక్కిస్తున్నావా, రేడియేటర్ కాగట్లేదా, డీజిల్ ఎంత తాగుతుంది, కేఎంపీఎల్ అడుగుతారా మిమ్మల్ని కూడా. ఆర్టీసీ ఇళ్లల్లో పుట్టినవాళ్లకు కేఎంపీఎల్ ఏమిటో చెప్పక్కర్లేదు. లీటరుకెన్ని కిలోమీటర్లు తోలాడన్నదే డ్రైవరుకు మార్కులు. అది తగ్గిన వారం మా ఇంట్లో అన్నం కూడా చప్పుడు చెయ్యకుండా తినేవాళ్లం.

రైల్వే స్టేషన్ సెట్టు దగ్గర దింపారు. నాన్న మాతో రాలేదు. "నువ్వు పోయి చూసిరా బిడ్డా, నేను ఈడనే ఉంట." విమానాశ్రయం దగ్గరా అంతే, విదేశీ వీధి దగ్గరా అంతే. నాకు ఒళ్లు మండింది. ఈయన కోసమని వస్తే ఈయన చెట్టు నీడలో బస్సుకానుకుని టైర్లు చూసుకుంటున్నాడు. నేనొక్కదాన్నే తిరిగాను. సినిమాను బట్టి బోర్డు మీద ఊరి పేరు మార్చుకునే స్టేషను, ముందు నుంచి చూస్తే ఒకటీ వెనక నుంచి చూస్తే ఇంకొకటీ అనిపించే మేడలు, షూటింగ్‌ని బట్టి దేవుడు మారే గుడి. ఆ గుడి ముందు నాగ్‌పూర్ పెద్దావిడ చెప్పులు విడిచి, నేల కాలి ఎగిరి మళ్లీ చెప్పుల్లోకి దూకింది. రాళ్లనుకుని చెయ్యి పెట్టిన గోడ డొల్లగా మోగింది. పనితనం చూస్తే మాత్రం, పెయింటర్లకు దండం పెట్టాలి.

తిరిగొచ్చేసరికి నాన్న, డ్రైవరు తడిగుడ్డ చుట్టిన ఒకే సీసాలో నీళ్లు పంచుకుంటున్నారు. నాన్న నా మొహం చూసి, కోపం కనిపెట్టి, మాట మార్చడానికి అన్నట్టు అన్నాడు: "పాపం ఈ తమ్మి రైల్వే స్టేషన్ల ఆపుతడు, ఎయిర్‌పోర్టుల ఆపుతడు. దినమంత తోల్తడు. ఎంత తోలినా ఊరు రాదు." డ్రైవరు పకపకా నవ్వాడు. నేనూ నవ్వక తప్పలేదు.

ఇక నావల్ల కాదు నాన్నా, ఎండకు కళ్లు తిరుగుతున్నాయి అన్నాను. "ఇదేం ఎండ" అంటూ ప్యాంటు పైకి లాగి ఎడమకాలు చూపించాడు. మోకాలి కింద నుంచి మడమ దాకా ఒక పక్క చర్మం నల్లగా, బరకగా ఉంటుంది. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కాలే. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే ఉండేది, పైన ఇనుప బానెట్. మే నెలలో ఆ బానెట్ సెగకు ఎడమకాలు ఉడుకుతూనే ఉండేది. గోనెపట్టా తడిపి దాని మీద కప్పుకుని తోలేవాళ్లట, చౌటుప్పల్ వచ్చేసరికి ఆరిపోయేదట. రాత్రి డ్యూటీ దిగి వస్తే అమ్మ ఆ కాలికి కొబ్బరినూనె రాసేది. నేను పుస్తకం ముందేసుకుని నిద్రపోతూ చూసేదాన్ని. ఇంత వివరంగా ఆయనెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. డ్రైవరుకు చెబుతుంటే విన్నాను.

తిండి సంగతి దాటేస్తున్నా. పెరుగన్నం దొరికింది, నాన్నకు అది చాలు.

మధ్యాహ్నం మూవీ మ్యాజిక్‌లో ఏసీ తగలగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడ ఒకచోట సినిమా ఎలా తీస్తారో చూపిస్తారు. చూసేవాళ్లలోంచే ఒకమ్మాయిని పిలిచి, కదలని గుర్రబ్బండి మీద కూర్చోబెట్టి, చేతికి కొరడా ఇచ్చారు. బండిని పక్కనుంచి ఊపారు. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ హేయ్ హేయ్ అంది. కాసేపటికి తెరమీద చూపించారు. వెనకాల దారి పరుగెడుతోంది, గిట్టల చప్పుడొకటి కలిపారు, అమ్మాయి ప్రాణాలకు తెగించి బండి తోలుతోంది! పొద్దున్నుంచి దేనికీ ఆశ్చర్యపోని నాన్న ముందుకు వంగి కళ్లార్పకుండా చూశాడు. బయటికొస్తూ, "బయట తోలితే ఊరు రాలే, ఈడ తోలకున్నా ఊరు వచ్చె" అన్నాడు. తర్వాత ఏసీలో ఎక్కడ సీటు దొరికితే అక్కడ కూర్చున్నాం. రెండింటి నుంచి నాలుగింటి దాకా ఏం చూశామంటే చెప్పలేను. ఆయన గురక మాత్రం విన్నాను.

సాయంత్రం స్టంట్ షో చూసి, పక్షుల పార్కు ఎండకు వదిలేసి, మళ్లీ బస్సెక్కి గేటు బయటపడ్డాం. హైవే మీద వేడి ఇంకా తగ్గలేదు. నేను సిటీ బస్సు కోసం చూస్తుంటే నాన్న ఎదురు దిక్కు చూస్తున్నాడు.

"మియాపూర్‌కు మళ్ల రెండు గంటలు. నేను ఇట్లనే సూర్యాపేట పోత."

"నీ బ్యాగు మా ఇంట్లోనే ఉంది నాన్నా!"

"కార్గోల వెయ్యి."

ఆపే ప్రయత్నం చేశాను. అమ్మ తిడుతుందన్నాను, రాత్రికి చేపల కూర అన్నాను. ఆయన గడియారం చూసుకుని, ఆదివారం ఈ టైముకు ఎల్బీ నగర్‌లో ఏ బండి బయల్దేరుతుందో, ఇక్కడికి ఎప్పుడొస్తుందో చెబుతున్నాడు. చెప్పిన దానికి అయిదు నిమిషాలు అటూ ఇటూగా ఎక్స్‌ప్రెస్ వచ్చింది. నాన్న చెయ్యెత్తాడు. ఊరికే ఊపే చెయ్యి కాదు, డ్రైవర్లు డ్రైవర్లకు చూపించే చెయ్యి. బండి కొంచెం ముందుకెళ్లి ఆగింది. పరుగెత్తినంత పని చేసి ఎక్కాడు. ఎక్కుతూనే ఆయన గొంతు నాకు వినబడింది: "ఈడ స్టాపు లేదు గద తమ్మీ, ఎందుకు ఆపినవ్?"

డ్రైవరు ఏమన్నాడో తెలియదు. బస్సు వెళ్లిపోయింది. నేను రోడ్డు దాటి సిటీ బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డాను.

మర్నాడు ఆఫీసుకు పోతూ బ్యాగు ఆర్టీసీ కార్గోలో వేశాను. సాయంత్రం అందిందని ఫోన్ చేశాడు. పార్శిల్‌కు ఎంత తీసుకున్నారని అడిగాడు, చెప్పాను. ఎక్కువ తీసుకున్నారేమో, రసీదు ఫోటో పెట్టమన్నాడు. పెట్టాను. కాసేపాగి మళ్లీ చేశాడు. ఫిల్మ్ సిటీ టికెట్ రసీదు కూడా పెట్టమంటున్నాడు.