ఏ రొట్టె అడగాలో తెలియని పిల్లలు

నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ నాడు నీళ్లలోకి దిగినవాళ్లు తమకు కావలసిన రొట్టె పేరు పైకి చెప్పాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. విదేశీ రొట్టె అని విడిగా ఒకటుంది, దానికి గిరాకీ ఎక్కువే. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి అదే పేరుతో రొట్టె ఇస్తారు, అవసరమున్నవాళ్లు పుచ్చుకుంటారు. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ నెల్లూరు, ఒంగోలు వాళ్లలో చాలామందికి ఇరవై రెండేళ్లప్పుడు ఏ రొట్టె అడగాలో బాగా తెలుసు. ఇంట్లో ఇబ్బంది, బయటపడాలి, అంతే. అక్కడ పుట్టిన వాళ్ల పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. అందుకే ఆ పేరూ నోటికి రాదు. పందొమ్మిదేళ్లకే ఒడ్డున నిలబడిపోతారు. అలాంటి పిల్లల్ని ఒక సెమిస్టర్ ఆపించి కొన్ని వారాలు ఊరికి పంపాలనుకునే తల్లిదండ్రుల కోసం ఈ మాటలు.

ముందు మాట దగ్గరే చిక్కు. పిల్లలు ఇంగ్లిషులో ‘లాస్ట్’ అంటారు. ఆ మాటలో తప్పు మోపడం లేదు. తెలుగు చెవికి అది ‘దారి తప్పాడు’ అని వినబడుతుంది. మన దగ్గర దారి తప్పడమంటే చెడు సావాసం, మందు, ప్రేమ వ్యవహారం. వెంటనే ఆరాలు మొదలవుతాయి, పిల్లలు నోరు మూసుకుంటారు. వాళ్లు చెప్తున్నదానికి సరైన తెలుగు ‘దిక్కు తోచడం లేదు’. ఊళ్లో అమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పేటప్పుడు కూడా ఈ మాటే వాడండి. ఆమె కంగారు సగం తగ్గుతుంది.

దిక్కు తోచకపోవడం వేరు, జబ్బు వేరు. రెండు వారాలకు మించి నిద్ర, తిండి తలకిందులవడం, స్నానం మానేయడం, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోవడం, బతకడమెందుకన్నట్టు మాట్లాడటం కనిపిస్తే ఊరి ప్రయాణం మందు కాదు, వైద్యుడు కావాలి. అమెరికాలో మానసిక సంక్షోభ సహాయ నంబరు 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఇండియాలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. దిష్టి తీయించుకుంటే తీయించుకోండి, కానీ అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి.

జబ్బు కాదని తేలి, ఒక సెమిస్టర్ ఆపి ఊరికి పంపుదామనుకుంటే టికెట్ కన్నా ముందు కాగితాలు చూడాలి. చెప్పాపెట్టకుండా క్లాసులు మానేస్తే మార్కుల పత్రంలో వరసగా ఎఫ్‌లు, అంటే ఫెయిళ్లు, పడతాయి. గడువులోగా కోర్సు నుంచి విత్‌డ్రా అయితే పడేది డబ్ల్యూ, అంటే మానుకున్నట్టు గుర్తు మాత్రమే. కాలేజీ నుంచి సెలవును రాతపూర్వకంగా తీసుకోవాలి, స్కాలర్‌షిప్ నిలుస్తుందో లేదో ఆ కాగితంలోనే అడిగి రాయించుకోవాలి. ఫెడరల్ రుణముంటే, కోర్సులు సగానికన్నా తగ్గిన రోజు నుంచి ఆరు నెలల గడువు నడుస్తుంది, ఆ తర్వాత వాయిదాలు మొదలు. ఫీజు కడుతున్నది మీరే అయినా, విద్యార్థుల వివరాల గోప్యత కాపాడే ఫెర్పా చట్టం వల్ల పిల్లల సంతకం లేకుండా కాలేజీవాళ్లు సాధారణంగా మీతో మాట్లాడరు. ఆ సంతకం అడిగి తీసుకోండి, లాక్కోవద్దు. ఇక్కడినుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లిన పిల్లలైతే లెక్క ఇంకా గట్టిది. సెలవు సంగతి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందే నమోదవ్వాలి, ఐదు నెలలు దాటి బయట ఉంటే మళ్లీ కొత్త ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) అవసరమవుతుంది.

విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఇరవై ఏళ్ల లోపు తీసుకున్నదై, ఇరవై నిండాక కొత్త పాస్‌పోర్టు వచ్చి ఉంటే ఒకసారి మళ్లీ జారీ చేయించాలి. చాలా ఇళ్లలో ఇది విమానాశ్రయంలోనే గుర్తొస్తుంది. ఓసీఐ లేక టూరిస్టు వీసా మీద వస్తే జీతం పని, ఇంటర్న్‌షిప్ కుదరవు. అమెరికాలో తల్లిదండ్రుల బీమా 26 ఏళ్ల వరకు పనికొస్తుంది గానీ ఒంగోలు ఆసుపత్రి బిల్లుకు మామూలుగా పనికిరాదు. ప్రయాణ బీమా విడిగా కొనండి.

ఎప్పుడు పంపాలి? డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యకు మించింది లేదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. మే నెల చివర రోహిణీ కార్తెలో అమెరికా పిల్లల్ని దించితే నెల్లూరంటే జన్మకు ఎండే గుర్తుంటుంది. చెన్నైలో దిగితే నెల్లూరు దాదాపు 175 కిలోమీటర్లు, ఒంగోలు ఇంకో 120. రైలుంది, కారూ ఉంది, ఈ ఒక్క విషయం సులువు.

ఎన్నాళ్లు? ఎనిమిది వారాలు. మూడు వారాలైతే చుట్టరికాలకే సరిపోతుంది. నాలుగు నెలలైతే అక్కడి స్నేహితులంతా ముందుకు పోయారనే బెంగ మొదలవుతుంది. తిరుగు టికెట్ తేదీ పిల్లల చేతిలో ఉండాలి. అది లేకపోతే ప్రయాణం శిక్షగా మారిపోతుంది.

మొదటి వారం గండం చుట్టాలే. ‘‘ఏందబ్బయ్యా, చదువైపోయిందా? జీతమెంత?’’ అని గుమ్మంలోనే అడుగుతారు. అందులో చెడ్డతనం లేదు, మనవైపు పలకరింపే అంత. దానికి రెండు వాక్యాల జవాబు ముందే తయారు చేసుకోవాలి: ‘‘ఒక సెమిస్టర్ సెలవు పెట్టాను అత్తా. తాతయ్య దగ్గర పని నేర్చుకుంటున్నా.’’ అబద్ధం లేదు, సంజాయిషీ లేదు. పెళ్లి ఊసు, ఎంసెట్ ర్యాంకుల ఊసు ఈ ఎనిమిది వారాలూ ఎత్తొద్దని అమ్మమ్మకు, పెద్దమామకు మీరే ఫోన్‌లో చెప్పాలి. పిల్లలు చెప్తే ఎదురు మాట్లాడినట్టుంటుంది. ‘నువ్వు మా వాడివా, అమెరికా వాడివా’ అనే వేళాకోళం కూడా అలిసిపోయేలా చేస్తుంది. బ్రెజిల్‌లో మందలు మందలుగా మేసే నెలోరె జాతి ఇక్కడినుంచి ఓడలెక్కిన ఒంగోలు పశువుల సంతతే. ఇక్కడ ఒంగోలు, అక్కడ నెలోరె. ఆ ఎద్దుని ఎవరూ నిలదీయరు.

అసలు విషయం పని. ‘ఊరు చూసి రా’ అని పంపితే మంచం మీద ఫోన్ చూసి వస్తారు. మొదలూ ముగింపూ ఉన్న పని, తప్పు చేస్తే ఆ పూటే తెలిసిపోయే పని ఒక్కటి అప్పజెప్పాలి. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు బంధువులకు రొయ్యల గుంట ఉంటే దానికి మించింది దొరకదు. వెనామీ రకం రొయ్యల పంట వంద, నూట ఇరవై రోజులు కాబట్టి ఎనిమిది వారాల్లో సగం చూడొచ్చు. కొత్తవాళ్లకు తగ్గ పని చెక్ ట్రే. వల బిగించిన చిన్న పళ్లెంలో కొంచెం మేత వేసి గుంటలోకి దింపుతారు. రెండు గంటల తర్వాత పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే వచ్చే పూట తగ్గించాలి, మొత్తం ఖాళీ అయితే కొద్దిగా పెంచొచ్చు. రొయ్యను వెలుతురుకు పట్టుకుంటే వీపు వెంట పేగు నల్లటి గీతలా నిండుగా కనబడాలి. ఖాళీగానో తెల్లగానో ఉంటే పెద్దవాళ్లను పిలవాలి. జాలిపడి ఎక్కువ మేత వేస్తే అడుగున కుళ్లి గుంట పాడవుతుంది. రాత్రి నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపుకు దిగితే ప్రమాదమే. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్ ఆగితే రొయ్యలు పైకి తేలి గట్టువైపు వస్తాయి. మూడున్నరకు లేచి టార్చితో గట్టంతా తిరిగి, అంకెలు పుస్తకంలో రాయడం పిల్లల వంతు. కరెంటు బోర్డులు, తడి వైర్లు మాత్రం ముట్టనివ్వకండి, నీళ్లలోకి ఒంటరిగా దిగనివ్వకండి. గుంట మీదికి వెళ్లేముందు కాళ్లు మందు నీళ్లలో ముంచడం తప్పనిసరి. రొయ్యలకు సోకే తెల్లమచ్చ జబ్బు భయంతో చాలామంది కొత్తవాళ్లను రానివ్వరు, ముందే అడగాలి.

గుంట లేనివాళ్లకు వంటిల్లుంది. వారానికోసారి చేపల పులుసు పూర్తిగా పిల్లలదే బాధ్యత: బజారు, బేరం, కడగడం, వండటం. కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, ఒక పుల్ల మామిడికాయ. మామిడి మొదట్లోనే వేస్తే మెత్తబడి కరిగిపోతుంది. చేప పడ్డాక గరిటె పెట్టకూడదు, గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని తిప్పాలి. గరిటె పెడితే ఏమవుతుందో మొదటి వారం చూడనివ్వండి. పిల్లల చేతిలోంచి పని లాక్కోకుండా అమ్మమ్మ కూర్చోవడమే కష్టం. నాలుగోసారికి ముక్క విరక్కుండా దింపుతారు.

ప్రతి రాత్రీ పిల్లలు నోటుబుక్కులో రాయాల్సినవి రెండు వాక్యాలు: ఏ పని చేస్తుంటే టైము తెలియలేదు, ఏ పనికి ఒళ్లు బరువెక్కింది. ఏ భాషలో రాసినా సరే, మీరు చదవకూడదు. పధ్నాలుగు రోజులకొకసారి వాళ్లే చదువుకుని, రెండుసార్లకన్నా ఎక్కువ వచ్చినవాటి కింద గీత గీస్తారు. ‘పెద్దయ్యాక ఏమవుతావ్’ అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉండదు. ‘అంకెలు చూస్తుంటే బాగుంది’, ‘మేస్త్రితో బేరమాడటం నచ్చింది’, ‘ఒంటరిగా ఉంటే నచ్చలేదు’ లాంటివి ఉంటాయి. అవి చాలు. ఆరో వారంలో వీడియో కాల్‌లో వాటిని పట్టుకునే మాట్లాడండి, వచ్చే సెమిస్టర్‌లో ఒక్క కోర్సో, వారానికి పది గంటల ఒక చిన్న ఉద్యోగమో ఎంచుకోనివ్వండి. 90 రోజులు ప్రయత్నం. ఏం జరిగితే ఆపేయాలో కూడా ముందే రాసుకోవాలి, లేకపోతే మొదటి చెడ్డ వారానికే వదిలేస్తారు.

ఈ ఏర్పాటు ఎక్కువగా చెడేది పదో రోజున. పిల్లలు ‘బోర్’ అంటారు, మీరు కంగారుపడి కోడింగ్ క్లాసు వెతుకుతారు. వెతక్కండి. రెండో కారణం డబ్బు. అడిగినప్పుడల్లా ఫోన్‌పేలో వేస్తే లెక్క ఉండదు. వారానికి ఇంత అని ఒక్కసారే తాతయ్య చేతి మీదుగా ఇప్పించండి, ఖర్చు పుస్తకంలో రాయించండి.

ఇక విదేశీ రొట్టె తిని వెళ్లి, తిరిగిచ్చే మొక్కు ఇంకా బాకీ ఉన్నవాళ్లు ఆ ప్రయాణాన్ని దీంతో కలపాలనుకోవద్దు. పండుగ మొహర్రం లెక్కన ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది, ఇప్పుడు వేసవి వైపు ఉంది. దానికి మీరే విడిగా రావాలి.