ఏరు తప్పుకున్న దారిలో పరుగు

“ఈ ఊరి కోటగుమ్మాలన్నీ నీకు తెలుసు. ఏలూరు కాలువలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో మాత్రం తెలియదు” అని, స్పెయిన్‌లోని వలెన్సియాలో ఉండగా మా పెద్దమ్మాయి, పొద్దున్నే నాతో పరుగుకు రానంటూ, దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. 14 ఏళ్ల పిల్ల నిద్రమత్తులో అన్న మాటను పట్టించుకోకూడదని అనుకుంటూనే బూట్లు కట్టుకుని ఒక్కదాన్నే బయటపడ్డాను గానీ, పరుగంతా ఆ మాటకు జవాబు వెతుక్కోవడంతోనే సరిపోయింది.

కొత్త ఊరికి వెళ్తే ముందుగా దాన్ని కాళ్లతో తెలుసుకోవాలన్నది నా పట్టుదల. టూరిస్టు బస్సు మేడ మీద కూర్చుని చూసిన ఊరు ఫొటోల్లో మిగులుతుందే తప్ప ఒంటికి పట్టదని పిల్లలకు ఏ సెలవులకు వెళ్లినా ఉపన్యాసం ఇస్తాను. నాది పరుగేనని ఒప్పుకునేవాళ్లు మా ఇంట్లో లేరు. కుక్కను తిప్పుకోవడానికి వచ్చిన ముసలాయన నన్ను దాటి వెళ్లిపోవడం మా అబ్బాయి కళ్లారా చూశాడు.

నాలాంటివాళ్లకు వలెన్సియా చాలా అనువైన ఊరు. 1957 అక్టోబరు 14న తూరియా నది పొంగి ఊరిని ముంచేసింది. 80 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత ప్రభుత్వం ఊరికి దక్షిణంగా పెద్ద కాలువ తవ్వించి నదినే అటు మళ్లించింది. ఖాళీ అయిన ఏటి గర్భంలో రహదారి వేద్దామని అధికారులు చూస్తే, ఇది మాది, మాకు పచ్చగా కావాలని జనం పట్టుబట్టారు. అలా మిగిలిన తోట ఇవాళ ఊరి మధ్యనుంచి దాదాపు 9 కిలోమీటర్లు సాగుతుంది, అందులో పరుగెత్తేవాళ్ల కోసమే మట్టిని అదిమి వేసిన దారి ఉంది. అక్టోబరు చివర్లో అక్కడ ఎనిమిది దాటితే గాని తెల్లవారదు కాబట్టి, 1402 నాటి త్రినిదాద్ వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంకా చీకటే. వరదను చీల్చడానికి కోసుగా కట్టిన రాతి మొనలు వంతెన కాళ్లకు అలాగే ఉన్నాయి, నీళ్లే లేవు. ఎదురొచ్చేవాళ్లం ఆ మొన దగ్గర అటొకరు, ఇటొకరుగా విడిపోయి వెళ్తాం. అయితే ఆ తోటను మెచ్చుకునేటప్పుడు 2024 అక్టోబరు 29ని మరవడానికి లేదు. ఆ రోజు పాత ఊరికి తడి అంటలేదు, మళ్లించిన కాలువకు అవతల ఉన్న పైపోర్తా వంటి ఊళ్లను పోయో వాగు ముంచెత్తింది, ఆ వరదల్లో 200 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఏటి గర్భంలోనుంచి గట్టెక్కితే సెర్రానోస్ బురుజులు. 1392 నుంచి 1398 వరకు కట్టిన ఆ గుమ్మం బయటివాళ్లకు కోటలా కనిపిస్తుంది, ఊరివైపు మాత్రం గోడ లేకుండా గదులన్నీ బాహాటంగా తెరిచి ఉంటాయి. కొన్నాళ్లు దాన్ని జైలుగానూ వాడారు. 1865లో ప్రాకారం కూల్చడం మొదలుపెట్టాక మిగిలిన పెద్ద గుమ్మాలు ఇదీ, పడమటి వైపున్న క్వార్ట్ బురుజులూ. క్వార్ట్ గోడల మీద 1808లో ఫ్రెంచి సైన్యం పేల్చిన ఫిరంగి గుండ్ల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. మా అబ్బాయి వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పి, మళ్లీ మొదటికొచ్చాడు. ఈ రెండు గుమ్మాల మధ్య ఎల్ కార్మెన్ పేట సందుల్లో చేతి గడియారానికి ఉపగ్రహం సరిగా అందదు. ఇంటికొచ్చి మ్యాపు చూసుకుంటే నేను పెంకుల కప్పుల మీదుగా పరుగెత్తినట్టు ఉంటుంది.

పిల్లలతో ఇలాంటి ఊళ్లకు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగా ఉంది. అంగళ్లు తెరవకముందే వెళ్లండి. వీధులు కడిగిన రాళ్ల మీద జారని బూట్లు వేయండి. రోజుకు ఒక్క గుమ్మం చాలు. చరిత్ర పాఠం అల్పాహారం అయ్యాక చెప్పండి. వీటిలో చివరిదాన్ని నేను ఏనాడూ పాటించలేదు.

పాటించి ఉంటే గురువారం నాటి గొడవ జరిగేది కాదు. వలెన్సియా చుట్టుపక్కల పొలాలకు తూరియా నీళ్లు తెచ్చే ఎనిమిది పాత కాలువల రైతులు తమ తగవులు తీర్చుకోవడానికి ఎన్నుకున్న పెద్దల సభ ఒకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు కెథడ్రల్ అపొస్తలుల ద్వారం ముందు నల్ల అంగీలు తొడుక్కుని కూర్చుంటారు; వాదనంతా నోటిమాటగానే, వలెన్సియా భాషలోనే సాగుతుంది. 2009లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. పొద్దున పరుగులో ఆ ద్వారం చూసి వచ్చినదాన్ని కాబట్టి, మధ్యాహ్నం పిల్లలిద్దరినీ ఈడ్చుకెళ్లి గుంపులో నిలబెట్టాను. ఒకాయన కాలువల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలిచాడు, క్వార్ట్, మిస్లాతా, ఫవారా, రోవెల్లా... ఆ రోజు తగవుతో వచ్చినవారెవరూ లేకపోవడంతో పెద్దలు కొద్ది నిమిషాల్లోనే లేచి వెళ్లిపోయారు. తగవు ఉంటే మాట్లాడే వంతు ఎవరికి వచ్చిందో అధ్యక్షుడు కాలితో చూపిస్తాడని నేను చెప్పగానే, పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని నా చేత చీవాట్లు తిన్న మా అబ్బాయి నావైపు చూసిన చూపుకు నా దగ్గర వివరణ లేదు.

పెద్దమ్మాయి మాత్రం వేరే అడిగింది: మీ తాతగారి ఊళ్లో నీళ్ల తగవు ఎవరు తీర్చేవారు? మా తాతగారి చేను శివారు ఆయకట్టులో ఉండేది. వంతు నీళ్లు అందలేదని ఆయన లస్కరు మీద అరిచి ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకోవడం నాకు గుర్తుంది. ఆ వంతులు ఎవరు వేసేవారో, తూము ఎక్కడుండేదో నాకు తెలియదు. కృష్ణ, గోదావరి రెండింటి నీళ్లూ కాలువల మీదుగా ఏలూరు చేరతాయని వినడమే గాని, ఏది ఎటునుంచి వస్తుందో చెప్పలేకపోయాను. మర్నాటి దుప్పటి మాటకు మూలం అదీ.

ఎందుకు తెలియదో చెప్పడం కష్టం కాదు. ఏలూరు పవర్‌పేటలో పెరిగిన నాకు కాలేజీ దారి, గుడి దారి, పిన్నిగారి ఇంటి దారి తెలుసు. కాలువ గట్టు వెంట ఒక్కదాన్నే వెళ్లడమన్నది ఎవరూ వద్దనాల్సిన అవసరం కూడా రాని విషయం. ఇప్పుడు వెళ్తే రెండు వీధుల అవతల పెసరట్టు తినడానికైనా తమ్ముడు కారు తీస్తాడు, నేనూ మారుమాట్లాడకుండా ఎక్కుతాను. ఎండ, కుక్కలు, మోటారు సైకిళ్లు అని పిల్లలకు కారణాలు చెబుతాను. అవి అబద్ధాలు కావు, కానీ వలెన్సియాలో చీకట్లో, దారి తెలియని తోటలో పరుగెత్తినప్పుడు ఏ కారణమూ గుర్తు రాదు.

చివరి రోజు ఊరికి దక్షిణంగా ఉన్న అల్బుఫెరా సరస్సుకు వెళ్లాం. చుట్టూ వరి మళ్లు, నీటి మీద కొంగలు, చేపల పడవలు. ఇది మన కొల్లేరులా ఉందని నేను మురిసిపోతుంటే, తాము కొల్లేరు ఎప్పుడు చూశామని ఇద్దరూ అడిగారు. ఏలూరు నుంచి అది కూతవేటు దూరం. పెళ్లిళ్లకు వెళ్తూ కారు అద్దంలోనుంచి చూపించానని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇంత దూరం వచ్చాక నా సిద్ధాంతం మీద నాకే అనుమానం పుడుతోంది. కాళ్లతో ఊరిని తెలుసుకోవడం అని పేరు పెట్టాను గానీ, నాకు ధైర్యం వచ్చేది నన్నెవరూ ఎరగని ఊళ్లలోనే. ఫలానావారి అమ్మాయి అని గుర్తుపట్టేవాళ్లు లేకపోవడమే నా పరుగులోని హాయి ఏమో. పిల్లలకు నేను నేర్పుతున్నది ఊళ్లను ప్రేమించడమా, ఎక్కడైనా సుఖంగా పరాయిగా ఉండడమా? పైగా ఏలూరు కాలువ తెలియకపోవడం నా లోటు. దాన్ని వాళ్ల చేత తీర్పించుకోవాలని చూడటం న్యాయమేనా? పెద్దమ్మాయి అడిగింది నన్ను ఎత్తిపొడవడానికో, నిజంగా తెలుసుకోవాలనో కూడా నాకు తెలియదు. రెండూ అయి ఉండవచ్చు.

డిసెంబరులో వెళ్లినప్పుడు పొద్దున్నే కాలువ గట్టు మీదికి పోదామని దానితో అన్నాను, సరే అంది. నిన్న అమ్మకు ఫోనులో ఈ సంగతి చెబితే, “నలుగురూ చూస్తే బాగుండదే, అంతగా అయితే ఇద్దరూ మేడ మీద నడవండి, నీళ్ల ట్యాంకు పక్కకు జరిపిస్తాను” అంది. మా అమ్మాయికి ఆ మాట ఇంకా చెప్పలేదు.