ట్రఫుల్ కుక్కకు వాసన నేర్పేటప్పుడు

మామూలు పుట్టగొడుగు నేల పైకొస్తుంది కాబట్టి కళ్లు చాలు. ట్రఫుల్ అనే తినే శిలీంధ్రం అలా కాదు. ఓక్, పాప్లర్, హేజెల్ చెట్ల వేళ్లను అంటుకుని మట్టిలోనే ఎదుగుతుంది, పండాకే గట్టిగా వాసన కొడుతుంది. ఒకప్పుడు ఇటలీలో పందులతో వెతికించేవారు. అవి నేలంతా పెళ్లగించి, దొరికింది అక్కడే తినేసేవి. 1985 నాటి ఇటలీ చట్టం ప్రకారం వెతకాల్సింది శిక్షణ పొందిన కుక్కతోనే.

ఈ పనికి పేరున్న కుక్క జాతి లగొట్టో రొమాన్యోలో. అయితే తిండి మీద ఆశ, నిలకడ ఉంటే ఏ కుక్కయినా పనికొస్తుంది. కుందేలు వాసన తగలగానే పరుగెత్తేదాంతో మాత్రం కష్టమే.

సీసాల్లో అమ్మే ట్రఫుల్ నూనెతో నేర్పకండి. చాలావాటిలో ఉండేది ప్రయోగశాలలో చేసిన 2,4-డైథయాపెంటేన్. తెల్ల ట్రఫుల్ వాసనలో అదొక భాగం మాత్రమే. నల్లదాని వాసన వేరే మిశ్రమం. ఏ రకం వెతకాలో ఆ రకం తాజా ముక్కే కావాలి. శనగగింజంత ముక్కలు కోసి, గాజు సీసాలో బిగించి ఫ్రీజర్‌లో పెట్టండి. పట్టకారుతోనే తీయండి. మెత్తబడి కుళ్లిన ముక్క వాడితే కుక్క కుళ్లునే నేర్చుకుంటుంది.

చిల్లులున్న చిన్న డబ్బాలో ముక్క పెట్టి చూపించండి. ముక్కు ఆనిన క్షణంలోనే "శభాష్" అని ఉడికించిన కోడిమాంసం ముక్క ఇవ్వాలి. పది సార్లు చాలు, ఆపేయండి. తర్వాత మూడు డబ్బాలు పెట్టండి, ఒకదానిలోనే ట్రఫుల్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: కుక్క పట్టుకునేది ట్రఫుల్‌ని కాదు, మీ చేతి వాసనని. మూడింటినీ ఒకేలా ముట్టుకోండి, చోట్లు మారుస్తూ ఉండండి, మాంసం ఉన్న జేబులో సీసా పెట్టకండి.

తర్వాత ముక్కను ఆకుల కింద దాచండి, కుక్క దాన్ని దొరకబుచ్చుకున్నాక మట్టిలో పాతిపెట్టడం మొదలు. ముందు రెండు మూడు సెంటీమీటర్లు, క్రమంగా పదిహేను. లోతుగా పాతింది రాత్రంతా వదిలేయాలి, వాసన మట్టిలోంచి పైకి రావడానికి సమయం పడుతుంది. పక్కనే నాలుగైదు ఖాళీ గుంతలు కూడా తవ్వి పూడ్చండి. లేకపోతే కొత్తగా కదిలిన మట్టే దానికి గుర్తవుతుంది. అసలు పాతే పని ఇంకొకరికి ఇస్తే మరీ మంచిది. చోటు మీకు తెలిస్తే మీ చూపే దానికి చెప్పేస్తుంది! పాతిన చోటు మీదుగా వచ్చే గాలి కుక్కకు ఎదురొచ్చేలా పంపండి.

చోటు దొరికాక కాలితో ఒకటి రెండు గీతలు గీయనిచ్చి వెనక్కి పిలవండి. గోరు తగిలిన ట్రఫుల్ ధర పడిపోతుంది. బహుమతి ఆలస్యమైతే కుక్క తన బహుమతి తనే తీసుకుంటుంది, అంటే ట్రఫుల్ మింగేస్తుంది.

అడవిలో మొదట అరగంట చాలు. ఏమీ దొరకని రోజు ఇంటికి తిరిగే ముందు మీ దగ్గరున్న ముక్కొకటి పాతి, కనిపెట్టనివ్వండి; ఖాళీ ముక్కుతో తీసుకొస్తే ఆసక్తి చస్తుంది. నేల మీద పడింది తినకూడదని ముందే నేర్పండి. ఇటలీ అడవుల్లో పోటీదారులు విషపు ఎరలు వేయడం కొత్తేమీ కాదు, అందుకే చాలామంది జాలీ మూతికట్టు తొడుగుతారు.

కుక్క చూపిన చోట తవ్వితే ఏమీ కనిపించలేదా? పిడికెడు మట్టి తీసి మీరే వాసన చూడండి. వాసన ఉంటే ఆ పక్కకే తవ్వండి, లేకపోతే గుంతలో దాని ముక్కు మళ్లీ పెట్టించండి. తీశాక తవ్విన మట్టితోనే గుంత పూడ్చాలి, ఇది కూడా ఆ చట్టంలోనే ఉంది. తెరిచి వదిలేస్తే వేళ్ల చుట్టూ ఉన్న శిలీంధ్రపు పోగులు ఎండిపోతాయి.