ఫిరాయింపుల చదరంగం: నా అనుభవం

చదరంగంలో దెబ్బతిన్న పావు బల్ల మీది నుంచి వెళ్లిపోతుంది. శాసనసభలో మనిషి అక్కడే ఉంటాడు, పక్షం మారుతుంది. దీన్ని ఆటగా మలచాలని నాకు చాలాకాలంగా కోరిక. జపాన్ వారి షోగిలో పట్టుబడిన పావు పట్టినవాడి తరఫున ఆడుతుంది కానీ, అందుకు ఇంతమంది ఉండాలన్న షరతు లేదు. నాకు కావలసింది ఆ షరతే. అందుకే పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు ముందు పెట్టుకుని మొదలుపెట్టాను.

రంగు మారాలి కాబట్టి నిలువు బొమ్మలు పనికిరావు. అమలాపురంలో తెలిసిన వడ్రంగి చేత టేకు బిళ్ళలు కోయించాను. ఒకవైపు తెలుపు, రెండోవైపు నలుపు వేసి, రా, మం, ఏ, శ, గు, బం అని పావుల పేర్ల మొదటి అక్షరాలు రాశాను. పార్టీల రంగులు వేయమని అడిగినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎవరి పార్టీ వాళ్లయినా కూర్చుని ఆడగలగాలి.

ప్రత్యర్థి దాడిలో ఉండి, సొంతవారి కాపలా లేని పావును అసంతృప్త పావు అన్నాను. అది ఒంటరిదైతే మామూలుగా కొట్టేయవచ్చు; ఒంటరిగా ఫిరాయించిన సభ్యుడి సభ్యత్వం పోయినట్టే. ఒకే జాతి పావులు తగినన్ని ఒకేసారి ఆ స్థితిలో చిక్కితే, ఎత్తు వేయడానికి బదులు వాటన్నిటినీ తిరగేసి మన రంగులో కలుపుకోవచ్చు.

తగినన్ని అంటే ఎన్ని? ఆ షెడ్యూలును తెచ్చిన 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణ, పార్టీ సభ్యుల్లో మూడింట ఒక వంతు మంది విడిపోతే దాన్ని సభ్యత్వం పోని చీలికగా ఒప్పుకుంది. ముందు ఆ లెక్కతోనే ఆడాం. ఎనిమిది బంట్లలో మూడు చాలు, రెండు గుర్రాల్లో ఒకటి చాలు. ఆట సగానికి రాకముందే ఎవరి సైన్యం ఎవరిదో తెలియకుండా పోయింది. ముందుచూపుతో ఆడేవాడికి విలువే లేదు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటును ఎందుకు తీసేసిందో బల్ల మీదే కనిపించింది.

దాంతో ఒక పార్టీ మరో పార్టీలో విలీనం కావడానికి చట్టం కోరే మూడింట రెండు వంతులకు మారాం. ఎనిమిది బంట్లుంటే ఆరు చిక్కాలి, దాదాపు అసాధ్యం. మూడే మిగిలితే రెండు చాలు. ఒక్కటే మిగిలితే ఆ ఒక్కటే. ఇక మంత్రి మొదటి నుంచీ ఒక్కడే!

కొబ్బరి వ్యాపారం చేసే మా బాబాయి ఇక్కడే పట్టుకున్నారు. "ఏమిట్రా ఇది? నిండుగా ఉన్నవాడికి కోట, చితికిపోయినవాడిని మాత్రం సులువుగా లాగేసుకోవడమా?"

"లెక్క అలాగే ఉంది బాబాయ్. మిగిలినవాళ్లు తగ్గేకొద్దీ కావలసినవాళ్లూ తగ్గుతారు."

ఆ నిబంధనను మార్చమని ఆయన గట్టిగా పట్టుబట్టినా మార్చలేదు. ఈ ఆట ఎందుకు తయారుచేశానో అందులోనే ఉంది.

తర్వాత సభాపతి. ఫిరాయించినవారి సభ్యత్వం ఉంటుందో పోతుందో తేల్చేది ఆయనే. మా కోనసీమ మనిషి జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఉండగా, 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269-270 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ స్థానం లేకుండా ఈ ఆట ఉండకూడదనుకున్నాను. ఏ రంగూ లేని బిళ్ళను బల్ల నడుమ పెట్టాను. పావులు ఎక్కువ ఉన్న పక్షం తన వంతులో దాన్ని జరపవచ్చు. దాని పక్క గళ్లలోని పావులను కొట్టడానికీ తిప్పడానికీ వీల్లేదు. తీర్పు పెండింగులో ఉన్నట్టు. తీరా ఆడితే, బలమున్నవాడు సభాపతిని తన మంత్రి పక్కన కూర్చోబెట్టి కదపడం మానేశాడు. ఆట బిగుసుకుపోయింది. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు, ఫిరాయింపుల మీద వచ్చే అనర్హత పిటిషన్లను సభాపతి సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలంది. అదే ఆధారంగా సభాపతి ఒకచోట మూడు ఎత్తులకు మించి ఉండకూడదని పెట్టాను. ఆటలో మళ్లీ కదలిక వచ్చింది.

చివరి వరుస చేరిన బంటు మంత్రి కావడాన్ని మాత్రం పాత చదరంగంలో ఉన్నట్టే ఉంచాను. పాత మంత్రి ఉండగానే రెండో మంత్రి వస్తే, ఇద్దరూ కలిసి చిక్కితే తప్ప తిప్పడం కుదరదు. అది చూశాక బాబాయి తన బంట్లలో ఒకదాన్ని మొదటి ఎత్తు నుంచే కాపాడుకుంటూ నడిపిస్తున్నారు.