ఆదివారం మాత్రలు

ఆదివారం, రాత్రి 9.30

అన్నాలయ్యాక మాత్రల డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాకున్న కీళ్లవాతానికి (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఈ రాత్రి మెథోట్రెక్సేట్ వేసుకోవాలి. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు ఇది, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మా ఆయన క్యాలెండర్‌లో ప్రతి ఆదివారానికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టాడు. రేపు పొద్దున్నే వికారం మొదలవుతుంది. కాఫీ వాసన కూడా పడదు. మధ్యాహ్నం దాకా ఒళ్లు బరువుగా ఉంటుంది. సోమవారం అంటేనే నాకు దిగులు.

ఈరోజు చపాతీ పిండి నేనే కలిపాను. అరకిలో. పిడికిళ్లతో అదిమి అదిమి కలిపినా వేళ్ల కణుపుల్లో ఎక్కడా సలుపు లేదు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"చేతులు బాగైనాయి గదమ్మాయ్. వచ్చే వారం రొట్టెల పండక్కి పొయ్యి ఆరోగ్య రొట్టె ఇచ్చేసి వస్తా. ఇంక ఆ మాత్రలెందుకు, ఆపెయ్యి" అనింది.

రెండేళ్ల కింద అత్త కొంగు తల మీద కప్పుకుని నెల్లూరు బారాషహీద్ దర్గాకి పోయి, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, నాకోసం ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. కోరిక తీరినవాళ్లు రొట్టె తీసుకొచ్చి అదే కోరిక ఉన్నవాళ్లకు ఇవ్వాలి. పోయినేడు ఇవ్వడానికి పోలేదు. అప్పటికి తగ్గి రెండు నెలలే, మళ్లీ తిరగబెడుతుందేమోనని భయం.

మాత్రలు ఆపెయ్యమన్న మాటకు నాకు కోపం రాలేదు. నిన్న నేను కూడా డాక్టరమ్మను అదే అడిగాను కదా.

కోవూరు నుంచి షేర్ ఆటోలో పెన్న దాటి నెల్లూరు పొగతోటలో డాక్టరమ్మ దగ్గరికి చేరేసరికి పదకొండైంది. ఆమె ఎప్పటిలాగే భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు, మొత్తం 28 కీళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఒక్కచోట కూడా నొప్పి లేదు, వాపు లేదు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, ఈఎస్ఆర్, 16. ఇవన్నీ కలిపి జబ్బు తీవ్రత స్కోరు లెక్కగట్టి 2.1 అనింది. 2.6 కంటే తక్కువుంటే రెమిషన్, అంటే జబ్బు అణిగి ఉన్నట్టు, అంటారు. నాకు 14 నెలలుగా అంతే ఉంటోంది. అందుకే ధైర్యం చేసి అడిగాను, "మేడమ్, ఇంక ఆపేయొచ్చా?" అని.

"జబ్బు అణిగిందమ్మా, పోలేదు. దాన్ని అణచి పట్టుకున్నది మందే" అన్నారు. నా రక్తంలో యాంటీ సీసీపీ అని, ఈ జబ్బున్నవాళ్లలో కనిపించే యాంటీబాడీ ఎక్కువగా ఉందట. అలాంటివాళ్లకు మందు ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువట. నార్వేలో ఏడాది పైగా రెమిషన్‌లో ఉన్నవాళ్లను రెండు జట్లుగా చేసి చూశారని, 2021లో ఆ ఫలితాలు వచ్చాయని చెప్పారు. మందు మామూలుగా వేసుకున్నవాళ్లలో ఏడాదిలో నూటికి ఆరుగురికి తిరగబెట్టిందట. సగానికి తగ్గించినవాళ్లలో నూటికి 25 మందికి. అది తగ్గిస్తేనే. నేను అడిగింది మొత్తం ఆపేయడం. ఇంకో ఆరు నెలలు ఇలాగే ఉంటే ఒక్క మందును కొద్దిగా తగ్గించి చూద్దాం, ఒకేసారి ఆపడం మాత్రం వద్దు అన్నారు.

ఆ మాట నాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మూడేళ్ల కింద నేను ఆపాను. ఎవరితోనూ చెప్పలేదు, డాక్టర్‌తో కూడా. పది నెలలు బాగుంది కదా, జుట్టు రాలిపోతోంది, మూడు నెలలకోసారి లివర్ టెస్టులు, ఎన్నాళ్లిది అనిపించింది. మొదటి నెల ఏమీ కాలేదు. సోమవారాలు హాయిగా ఉన్నాయి. అదే నన్ను మోసం చేసింది. రెండో నెలలో ఒకరోజు మల్లెపూలు కడుతుంటే కుడి చూపుడు వేలు మొరాయించింది. చలేమో అనుకున్నాను. పది రోజులకు మణికట్టు వాచింది. ఆ తర్వాత కుళాయి తిప్పలేకపోయాను. పిల్లోడు యూనిఫాం వేసుకుని ముందు నిలబడితే చొక్కా గుండీలు పెట్టలేకపోయాను. "లే అమ్మా, నేను పెట్టుకుంటా" అని వాడే తడుముకుంటూ ఒకటి కింద ఒకటి తప్పుగా పెట్టుకుని బడికి పోయాడు. వాడికి అప్పుడు ఐదేళ్లు. ఆ పొద్దు నేను ఏడ్చినట్టు నొప్పికి కూడా ఎప్పుడూ ఏడవలేదు.

మళ్లీ స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మొహం ఉబ్బింది. పాత మందు ఒక్కటే చాలలేదు, ఇంకోటి కలిపారు. అది అణగడానికి ఏడాది పైనే పట్టింది. ఎక్స్‌రేలో మణికట్టు ఎముక అంచున చిన్నగా కొరికినట్టు కనిపించింది. అది ఇంక పూడదు. ఇప్పటికీ ఆ చేత్తో నిండు బిందె ఎత్తను.

ఎవరైనా బాగుంది కదా అని ఆపేస్తున్నామంటే నా మణికట్టు చూపించి చెప్పాలనిపిస్తుంది. ముందు డాక్టర్‌తో చెప్పండి అని. పిల్లల్ని కనాలనుకునేవాళ్లకైతే మెథోట్రెక్సేట్ ముందుగానే ఆపాల్సిందే, అది కూడా డాక్టర్ చెప్పినట్టే. నిన్న నా పక్కన కూర్చున్న కొత్త పెళ్లికూతురు ఆ సంగతి అడగడానికే వచ్చింది.

ఇదంతా అత్తకు ఎలా చెప్పాలో తెలియక సాయంత్రం దాకా ఆగాను. ఆమె వరండాలో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"అత్తా, ఆ రోజు నీళ్లలో నిలబడి ఏం కోరుకున్నావు? నా జబ్బు పోవాలనా, మాత్రలు మానుకోవాలనా?"

చేట కింద పెట్టింది. "మాత్రల సంగతి నాకేం తెలుసు. పిల్లోడి చొక్కా గుండీలు నా కోడలే పెట్టాలని అడిగినా."

నాకు మాట రాలేదు.

"ఐతే మాత్రలేసుకుంటానే ఉంటావా?"

"ఉంటానత్తా."

"సరే, వేసుకో. రొట్టె మాత్రం ఇచ్చేసి వస్తా" అని మళ్లీ చేట తీసుకుంది.

ఆరు పసుపుపచ్చ మాత్రలు అరచేతిలో లెక్కపెట్టుకుని వేసుకున్నాను. పండక్కి రొట్టెలు నేనే చేస్తానని చెప్పాను. రేపు సోమవారం, నావల్ల కాదు. మంగళవారం పిండి పట్టించుకురావాలి.