1644 నాటి ఫ్రాన్స్ రాజుల పేక: 25 ముక్కలు అయ్యాయి, ఇంకా 15

బాలరాజు 14వ లూయీకి దేశచరిత్ర ఆటగా ఒంటబట్టాలని నాటి ఫ్రాన్స్ ప్రధానమంత్రి కార్డినల్ మజరిన్ వేయించిన పేక ఇది. దీని స్కాన్‌లు అచ్చేసి, అట్టకు అంటించి నకలు పేక తయారుచేస్తున్నాను. రాత, పథకం ఫ్రెంచి రచయిత జాన్ దెమారెవి. రాగిరేకు మీద గీతలు గీసి యాసిడ్‌తో తినిపించింది ఫ్లోరెన్స్ కళాకారుడు స్టెఫానో దెల్లా బెల్లా. రాజులవి 39, శీర్షిక ముక్కతో కలిపి 40. 52 ఉంటాయనుకుని లెక్కలేస్తే మొదట్లోనే తప్పుతుంది.

ముక్క కొలత 55 × 88 మి.మీ. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెడితే 10 పడతాయి, నాలుగు కాగితాల్లో పని అయిపోతుంది. ఆ ఆశకు పోవద్దు. ఏ4లో నార (కాగితంలోని పీచులు సాగే దిక్కు) సాధారణంగా పొడవు వైపే ఉంటుంది. అడ్డంగా పేర్చితే అది ముక్కకు అడ్డంగా పడి, చేతిలో పట్టుకోగానే నిలువునా వాలిపోతుంది. నిలువుగా 9 చొప్పున అయిదు కాగితాలు పెట్టడమే మేలు. ఆఖరి కాగితంలో మిగిలే అయిదు గళ్లలో చెడిపోయినవాటికి మారు ముక్కలు వేసుకోవచ్చు.

స్కాన్ 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉండాలి. 300కి బొమ్మ బాగానే వస్తుంది గానీ కింది సన్నటి ఫ్రెంచి అక్షరాలు పూడిపోతాయి. ప్రింటు లేజర్‌దే, ఇంక్‌జెట్ అయితే అంటించే మైదా బంక తడికి అలుక్కుపోతుంది. తెలుగు అర్థాల చీటీ రాసేటప్పుడు ఒక జాగ్రత్త: పాత అచ్చులో 'ఎస్' అక్షరం చాలాచోట్ల 'ఎఫ్'లా కనిపిస్తుంది.

అట్ట మూడు పొరలు: పైన బొమ్మ అచ్చేసిన 90 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం, నడుమ 120 జీఎస్ఎమ్ బూడిదరంగు కాగితం, వెనక మళ్లీ 90 తెలుపు. నడుమ బూడిదరంగు పెట్టడం ఫ్రెంచి పేకల పాత పద్ధతే. అది లేకపోతే దీపం ముందు రాజు ఎవరో వెనకనుంచే తెలిసిపోతాడు! మూడింటి నారా ఒకే దిక్కున ఉండాలి. వెనక కాగితం అంటించకుండా వదిలేస్తే ముక్క బొమ్మవైపుకి దొన్నెలా ముడుచుకుంటుంది, ఎందుకంటే తడికి సాగిన కాగితం ఆరుతూ అట్టను లాగేస్తుంది.

బంకకు 20 గ్రాముల మైదా, 100 మి.లీ. నీళ్లు, సన్నమంట మీద ఉడికించి గుడ్డలో వడకట్టాలి. ఉండ ఒక్కటి మిగిలినా రాజు ముఖం మీద బొడిపె లేస్తుంది. బైండింగువాళ్లు కలిపే మైలుతుత్తం వద్దు, అది విషం, ఇవి పిల్లల చేతుల్లో తిరిగేవి.

బరువు కింద 24 గంటలు ఉంచాలి, చుట్టూ తెల్లకాగితాలే. న్యూస్‌పేపర్ పెడితే సిరా అంటుతుంది. మూడో కాగితంలో రెండు ముక్కలు పచ్చిగా ఉండగానే కోయడంతో పొరలు విడిపోయాయి. వాటిని మళ్లీ అయిదో కాగితంలో వేయాలి.